బురద నుంచి గాలిలోకి

పోయిన నెలలో మెగ్ మా ఇంటికి వచ్చింది. యూనివర్సిటీలో నాతోపాటు ఫిజియోథెరపీ చదివిన మెగ్, నన్ను మొదటిసారి బురదలోకి దింపిన మెగ్, ఆ తరువాత బెల్జియం వెళ్లి అక్కడి రాళ్ల బాటల మీద ఏళ్ల తరబడి సైకిలు పందాలు తొక్కిన మెగ్. ఇప్పుడు టాస్మానియాలో ఉంటూ అక్కడి ఆడపిల్లలకు పందాలు నేర్పుతోంది. సిడ్నీలో ఏదో పని ఉండి వచ్చి, స్కోఫీల్డ్స్‌లో మా ఇంట్లోనే దిగింది. వచ్చిన సాయంత్రమే, టీ కప్పు ఇంకా చేతిలో ఉండగానే, "కాజ్, మన మైదానం ఎక్కడుంది? చూపించు," అంది. నా పేరు కరుణ. పరిచయమైన మొదటి వారంలోనే దాన్ని కాజ్ చేసేసింది. ఈ దేశంలో ఒకరి పేరు పొట్టిగా చేశారంటే వాళ్లమీద ఇష్టం కలిగిందని అర్థం.

ఇద్దరం నడుచుకుంటూ వెళ్లాం. ఒకప్పుడు పాడి ఆవులు మేసిన, మేం బురదలో సైకిళ్లు తొక్కిన ఆ నేల మీద ఇప్పుడు పూల పేర్లు పెట్టిన వీధులున్నాయి. ఒకదానికొకటి ఆనుకొని ఒకే రంగు ఇళ్లు, ఒక పిల్లల బడి, ఒక క్లినిక్, తలుపు తీస్తే చాలు కరివేపాకూ ఇంగువా కలిసి గుప్పుమనే మన సరుకుల కొట్టు. మెగ్ వీధులు కలిసే రౌండెబౌట్ దగ్గర నిలబడి అటూ ఇటూ చూసి, "నీ ముక్కు పగిలింది ఇక్కడే కదూ?" అంది. "ఇక్కడ కాదు, ఆ క్లినిక్ వెనకాల," అన్నాను. ఇద్దరం అక్కడే నిలబడి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. స్ట్రోలర్ తోసుకుంటూ పోతున్న ఒక తెలుగమ్మాయి మమ్మల్ని వింతగా చూసి పక్కకు తప్పుకొని వెళ్లింది. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. నా చదువుకునే రోజులు, ఆ ఇల్లు, ఆ మనుషులు, అన్నీ వచ్చి మంచం చుట్టూ కూర్చున్నట్టు అనిపించింది.

అప్పట్లో మేం బ్లాక్‌టౌన్‌లో, రైలు పట్టాలకు దగ్గరగా, సిమెంటు రేకుల గోడలున్న పాత ఇంట్లో అద్దెకుండేవాళ్లం. చీరాలలో హైస్కూల్లో సైన్సు చెప్పిన నాన్న ఇక్కడ సబర్బన్ రైళ్లలో గార్డుగా చేసేవాడు. అమ్మ ఆస్పత్రిలో నర్సు. ఆమె డ్యూటీలు ఏ రోజు ఎప్పుడో ఆమెకే సరిగ్గా గుర్తుండేది కాదు. ఇల్లు నడిపేది నాయనమ్మ. వెలుతురు రాకముందే లేచి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చుట్టాలందరినీ పేరుపేరునా తలచుకుంటూ ప్రార్థన చేసేది. ఆ జాబితాలో చీరాలలో మా ఎదురింటివాళ్లూ ఉండేవారు, ఇక్కడ మా చెత్త తీసుకుపోయే లారీ డ్రైవరూ ఉండేవాడు. తరువాత వంటింట్లోకి వెళ్లి తాలింపు వేసేది. వేసిన ప్రతిసారీ పొగ అలారం మోగేది. ఆమె గరిటె ఆపకుండానే రెండో చేత్తో తువ్వాలు తీసి దానికి విసురుతూ, "ఈ పిల్లకి తాలింపు పడదే," అనేది, అదేదో ఇంట్లో అలిగిన మనవరాలన్నట్టు. నాకు పొద్దున్నే మెలకువ వచ్చేది ఎండుమిరపకాయల ఘాటుకూ ఆ అలారం మోతకూ. ఇప్పుడు మా వంటింట్లో పొగ లాగేసే పెద్ద గొట్టం ఉంది. అలారం ఎప్పుడో గాని నోరు తెరవదు. పనిచేస్తోందో లేదోనని నేనే అప్పుడప్పుడు మీట నొక్కి చూస్తుంటాను.

నాన్నకు తన పని మీద గౌరవం ఎక్కువ. యూనిఫారం తనే ఇస్త్రీ చేసుకునేవాడు. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆదివారం మేం గుడికి తయారవడం ఆలస్యమైతే వీధి తలుపు దగ్గర నిలబడి, రైల్లో చెప్పినట్టే, "డోర్స్ క్లోజింగ్, ప్లీజ్ స్టాండ్ క్లియర్," అని ఇంట్లోకి ప్రకటించేవాడు. మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. ఇక్కడివాళ్ల చర్చి హాలు అద్దెకు తీసుకొని, వాళ్ల ఆరాధన ముగిశాక మధ్యాహ్నం మాది పెట్టుకునేవాళ్లం. మేం వెళ్లేసరికి హాలంతా వాళ్లు తాగిన కాఫీ వాసన వేసేది. నాన్న సంఘపెద్ద. కుర్చీలు సర్దడం, పాస్టర్ గారికి నీళ్లు పెట్టడం, కొత్తగా వచ్చిన వాళ్లను పలకరించి వాళ్లది గుంటూరా, భీమవరమా, కాకినాడా అని తెలుసుకోవడం ఆయన పనులు. కీబోర్డు వాయించడం నా పని. నాకు పదిహేనేళ్లు వచ్చినప్పటి నుంచీ అది నాదే. నేను రాకపోతే పాటలు లేవు. నాన్న ఆ మాట నలుగురిలోనూ గర్వంగా చెప్పేవాడు.

మెగ్ పడమటి వైపు గోధుమ పొలాల నుంచి వచ్చిన పిల్ల. నేను పాత సైకిలు మీద స్టేషనుకు వచ్చి రైలెక్కడం చూసి, ఒకరోజు క్లాసు అయ్యాక, "నువ్వు తొక్కడం బాగుంది. ఈ సండే బురదలోకి వస్తావా? ఒక్క గంటే," అంది. ఆ ఆట పేరు సైక్లోక్రాస్ అని, చలికాలంలో ఆడతారని, గడ్డిలో, బురదలో, ఇసుకలో గుండ్రంగా తిరుగుతూ తొక్కాలని, దారికి అడ్డంగా పెట్టిన చెక్కల దగ్గర దిగి సైకిలు భుజాన వేసుకొని పరుగెత్తాలని చెప్పింది. సిడ్నీలో ఆ ఆట ఆడేవాళ్లు అప్పట్లో గుప్పెడుమంది. ఆడపిల్లలు ఇంకా తక్కువ. పొద్దున్నే మొదలై పెందరాళే అయిపోతుందని, ఆరాధన వేళకు వచ్చేయొచ్చని లెక్క వేసుకొని వెళ్లాను. మొదటి చుట్టులోనే పడ్డాను. ముక్కు పగిలింది. అయితే చెక్కల దగ్గర సైకిలు భుజానికెత్తుకొని పరుగెత్తినప్పుడు మాత్రం, నాకంటే ముందున్న ముగ్గురిని దాటేశాను. చీరాలలో మా బడి ఖోఖో జట్టులో నేను ఆడేదాన్ని. వంగడం, చటుక్కున దిక్కు మార్చడం, మట్టిలో కాలు జారినా పడకుండా నిలదొక్కుకోవడం నా ఒంటికి తెలుసు. ఆ సంగతి నాకే గుర్తులేదు. ఆ బురద గుర్తుచేసింది.

ఆ చలికాలమంతా ప్రతి ఆదివారం అంతే. తల నుంచి పాదాల దాకా మట్టితో ఇంటికి వచ్చేదాన్ని. నాయనమ్మ పెరట్లో నిలబెట్టి గొట్టంతో నీళ్లు కొట్టేది. "మా నాయన గేదెల్ని కడిగినట్టు కడుగుతున్నానే నిన్ను. అయి నయం, కదలకుండా నిలబడేయి," అనేది. చలికి నా పళ్లు టకటక కొట్టుకుంటుంటే, దెబ్బ తగిలినచోట పసుపూ కొబ్బరినూనే రాసి, వేడివేడి చారు గ్లాసులో పోసి ఇచ్చేది. అప్పుడు స్నానం చేసి, చుడీదార్ వేసుకొని, నాన్న తలుపులు మూస్తున్నట్టు ప్రకటించేలోపు కార్లో కూర్చునేదాన్ని. కీబోర్డు వాయిస్తుంటే గోళ్ల సందుల్లో మట్టి కనబడేది. పాస్టర్ గారి భార్య ఒకసారి చూసి, "ఏంటమ్మా కరుణా, గార్డెనింగ్ చేస్తున్నావా?" అని అడిగారు. "కొంచెం, ఆంటీ," అన్నాను.

రెండో ఏడు మార్లీన్ మా జీవితాల్లోకి వచ్చింది. అమ్మ పనిచేసే ఆస్పత్రిలోనే ఫిజియో. మా యూనివర్సిటీకి వచ్చి ప్రాక్టికల్స్ నేర్పేది. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ. బెల్జియంలో పుట్టి పెరిగింది, పడుచుతనంలో పందాలు తొక్కింది. మేం బురదలో తొక్కుతామని విని ఒక ఆదివారం చూడడానికి వచ్చింది. రబ్బరు బూట్లు వేసుకొని, చేతులు కట్టుకొని, ఏమీ మాట్లాడకుండా పందెమంతా చూసింది. అయిపోయాక మా ఇద్దరినీ పిలిచి, "మా దేశంలో చలికాలమంతా బురదలో తొక్కినవాళ్లు వసంతం రాగానే రోడ్డు మీదికి వెళ్తారు," అని మొదలుపెట్టింది. అక్కడ వసంతకాలంలో పెద్ద ఒక్కరోజు పందాలు జరుగుతాయి, వాటిని క్లాసిక్స్ అంటారు. ఊళ్ల మధ్య ఇరుకు దారులు, రాళ్లు పరిచిన పాత బాటలు, వాన, పక్కనుంచి కొట్టే గాలి. చదునైన రోడ్డు మీద వేగంగా పోయేవాళ్లు ఆ రాళ్ల మీద బెదిరిపోతారు. బురదలో పెరిగినవాళ్లు బెదరరు. చక్రం కింద నేల కదులుతున్నా సైకిలును ఎలా పోనివ్వాలో వాళ్లకు తెలుసు. "మీ ఇద్దరికీ అది వచ్చు," అంది మార్లీన్. మాకు సంతోషం వేసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "కానీ మీకు తినడం రాదు, ఆగడం రాదు," అంది వెంటనే.

ఆ మాటకు అర్థం ఏమిటో నా మొదటి రోడ్డు పందెంలో తెలిసింది. బురద పందెంలో తుపాకి పేలగానే ప్రాణం పెట్టి తొక్కాలి. గంటలో అయిపోతుంది. ఎవరి బాధ వాళ్లది, ఎవరి పందెం వాళ్లది. నేను రోడ్డు మీదా అదే చేశాను. మొదట్లోనే అందరినీ వదిలేసి ఒంటరిగా ముందుకు పోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. గెలిచేశాననే అనుకున్నాను. నిజానికి వెనక ఆ గుంపంతా ఒకరి నీడన ఒకరు గాలి తగలకుండా హాయిగా కబుర్లు చెప్పుకుంటూ వస్తోంది. రెండో గంట దాటాక నా కాళ్లు ఖాళీ అయిపోయాయి. గుంపు నన్ను దాటి పోతున్నప్పుడు ఎవరో మర్యాదగా "గుడ్ ఆన్ యా, మేట్" అని శభాష్ చెప్పారు. మూడో గంటకు రోడ్డు పక్కన యూకలిప్టస్ చెట్టు కింద కూర్చొని ఉన్నాను. తిండి తప్ప ఇంకే ఆలోచనా లేదు. వెనకాల వచ్చే కారులో ఎక్కించుకొని తీసుకొచ్చారు. దిగాక మార్లీన్ నన్ను తిట్టలేదు. "జేబులో ఏముంది?" అని అడిగింది. పందాలవాళ్లు సత్తువకోసం తినే తీపి జిగురు పాకెట్లు మూడూ విప్పకుండా అలాగే ఉన్నాయి. అవి నోట్లో పెట్టుకుంటే నాకు వాంతి వచ్చేది.

ఆ సంగతి ఇంట్లో చెబితే నాయనమ్మకు మండిపోయింది. "అయిదు గంటలు కష్టపడే పిల్లకి జిగురు పెడతారా? వాళ్ల మొహాలు మండ," అని నువ్వులు వేయించడం మొదలుపెట్టింది. నువ్వులూ బెల్లం దంచి చిన్నచిన్న ఉండలు చేసింది. నిమ్మకాయ పులిహోర కొంచెం మెత్తగా కలిపి, వేలెడు కడ్డీల్లా నొక్కి, రేకు కాగితంలో చుట్టింది. సైకిలు మీద ఒక చేత్తో విప్పుకొని తినాలని నేను చెబితే, వంటింట్లో తనే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకొని రెండో చేత్తోనూ పళ్లతోనూ విప్పి చూసి, చుట్టడం మార్చింది. మార్లీన్ ఒకటి రుచి చూసి చాలాసేపు నమిలి, "ఇంకొంచెం ఉప్పు," అంది. నాయనమ్మ ఆ మాట విని, "ఆ పొడుగు దొరసానికి నాలిక ఉందే," అని మెచ్చుకుంది. మెగ్ అయితే నా జేబులోవి కూడా తినేసేది. ఇక్కడ వసంతం మొదలయ్యే సెప్టెంబరు వచ్చి మాగ్‌పై పక్షులు గుడ్లు పెట్టి, దారిన పోయే సైకిళ్ల మీదికి దూకి తలలు పొడవడం మొదలయ్యేసరికి, నేను గుంపులో భుజం భుజం తగులుతున్నా బ్రేకు పట్టకుండా ఉండడం, ముందున్నవారి వెనక ఒదిగి గాలి తప్పించుకోవడం, ఆకలి వేయకముందే తినడం నేర్చుకున్నాను. రాని పని ఒక్కటే, ఆగడం.

అప్పుడే ఇంట్లో గొడవ వచ్చింది. కొండలు దాటాక, మెగ్ వాళ్ల ఊరి దగ్గర, వసంతంలో ఒక పెద్ద పందెం జరుగుతుంది. సగం దూరం మట్టి రోడ్లు, చుట్టూ ఎక్కడా చెట్టు అడ్డంలేని పొలాలు, గాలి. బెల్జియం పందాలకు ఈ దేశంలో దగ్గరగా ఉండేది అదేనని మార్లీన్ మా ఇద్దరితో పాటు ఇంకో ఇద్దరమ్మాయిలను కలిపి ఒక చిన్న జట్టు చేసింది. బెల్జియంలో మార్లీన్ చెల్లెలు ఒక ఆడవాళ్ల జట్టు నడుపుతోంది, వచ్చే వసంతానికి ఒకరిని పంపమని అడిగింది, ఈ పందెం చూశాక ఎవరిని పంపాలో చెబుతానని మార్లీన్ అంది. పందెం ఆదివారం. బురద పందాల్లాగా పెందరాళే వచ్చేయడం కుదరదు. నాన్నకు చెప్పాను.

"సండే అంతా పోతుందా?" అన్నాడు.

"శాటర్‌డేనే వెళ్లాలి నాన్నా. సండే రాత్రికి గానీ రాలేను. దానికి ముందు ట్రైనింగ్ కూడా సండేలే."

"మరి ఆరాధన? కీబోర్డు ఎవరు వాయిస్తారు?"

నేను గోళ్ల సందుల్లో మట్టి గీక్కున్నాను.

"దేవుడు వారానికి ఏడు రోజులిచ్చాడు కరుణా. ఆరు రోజులు తొక్కుకున్నావు, నేనేమన్నా అన్నానా? ఆ మిగిలిన ఒక్కటీ కూడా సైకిలుకే ఇచ్చేస్తావా?"

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ చెప్పులు విప్పుతూ, "నా డ్యూటీలు సండే పడట్లేదా? పేషెంట్లు సండే అని ఆగుతున్నారా? మీ ట్రైన్లు ఆగుతున్నాయా?" అంది.

"అది బతుకుతెరువు. ఇది ఆట," అన్నాడు నాన్న.

ఆ మాట నన్ను కోసేసింది. ఏడవకుండా నిలబడ్డాను. వంటింట్లో నుంచి నాయనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఒరేయ్ సుందరం, మీ నాయన పేటలో పాట ఎత్తుకుంటే ఏ కీబోర్డుందిరా? తాళాలూ డోలకే గదా. జనం ఏడ్చేవాళ్లు ఆ పాటలకి. నా పెట్టెలో తాళాలున్నాయి. నేను పాడతాను. పిల్లనెళ్లనీ," అంది. నాన్న రెండు మూడు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తరువాత ఒక సాయంత్రం నేను పెరట్లో సైకిలు గొలుసు తుడుచుకుంటుంటే వచ్చి నిలబడి, "ఎవరి కార్లోనో పంపను. శాటర్‌డే నేనే దింపుతాను. దింపి వచ్చేస్తాను. సండే నేను గుళ్లో ఉండాలి," అన్నాడు.

అలాగే చేశాడు. ఆ శనివారం పొద్దున్నే బయలుదేరి కొండలెక్కి దిగి, ఆవచేలలా పసుపు పచ్చగా పూసిన కనోలా చేల మధ్య నుంచి మెగ్ వాళ్ల పొలానికి వెళ్లాం. దారంతా ఆయన మాట్లాడింది తక్కువ. ఒక్కసారి మాత్రం, చేల మీద గాలికి అలలు లేస్తుంటే కిటికీ దించి చూసి, "ఈ గాలిలోనా మీరు తొక్కేది?" అని అడిగాడు. మెగ్ వాళ్ల అమ్మానాన్నలు మాకోసం గొర్రె మాంసం రోస్టు చేశారు. తినేముందు నాన్న తల వంచి ఇంగ్లీషులో ప్రార్థన చేస్తుంటే మెగ్ వాళ్ల నాన్న గబగబా టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రాత్రికి ఉండిపొమ్మని వాళ్లు ఎంతో చెప్పారు. నాన్న వినలేదు. సాయంత్రమైతే కంగారూలు రోడ్డు మీదికి వస్తాయని, వెలుతురుండగానే కొండలు దాటాలని లేచాడు. కారెక్కే ముందు నా తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆ చెయ్యి కొంచెం బరువుగా ఉందని మాత్రం గుర్తుంది.

మర్నాడు వాన వెలిసి గాలి మొదలైంది. మొదటి రెండు గంటలూ నేను గుంపు మధ్యలో ఒదిగి కూర్చున్నాను. ముందుకు పొమ్మని ఒళ్లంతా చెబుతున్నా పోలేదు. మార్లీన్ చెప్పినట్టు తిన్నాను, తాగాను. మట్టి రోడ్లు మొదలయ్యాక గుంపు చీలడం మొదలుపెట్టింది. ఒకచోట రాత్రి వానకు వాగు పొంగి రోడ్డు మీదికి ఎర్రటి బురద తెచ్చి పోసింది. అందులో ముందున్న ఒకమ్మాయి చక్రం జారి పడింది, ఆమె మీద ఇంకొకరు, ఇంకొకరు. దారి మొత్తం మూసుకుపోయింది. అందరూ ఆగి ఒక కాలు కింద పెట్టి చూస్తున్నారు. నేనూ మెగ్గూ ఒకరినొకరు చూసుకోనైనా లేదు. ఇద్దరం ఒకేసారి దిగి, సైకిళ్లు భుజాన వేసుకొని, పక్కన కంచె వెంబడి మోకాలి లోతు గడ్డిలో పరుగెత్తాం. అవతల రోడ్డెక్కి చూసుకుంటే, మాకు ముందు ఐదారుగురే ఉన్నారు. కాసేపట్లో వాళ్లను కలుసుకున్నాం. పందెం ఇక మా మధ్యనే.

అక్కడి నుంచి పక్కగాలి. ఒకరి వెనక ఒకరు దాక్కోవడానికి రోడ్డు చాలదు. చివరన పడినవారికి గాలి మొత్తం తగులుతుంది. ఒకరొకరే రాలిపోతున్నారు. ఇంకా చాలా దూరం ఉండగా మెగ్ నా పక్కకు వచ్చింది. ముఖమంతా మట్టి, పళ్లు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. "నీ కాళ్లెలా ఉన్నాయి?" అని అడిగింది. "బాగున్నాయి." "నావీ బాగున్నాయి. అందరం కలిసి చివరిదాకా పోతే స్ప్రింట్‌లో నేను కొట్టగలను. కానీ వీళ్లు నన్ను అలా ఊరికే తీసుకుపోరు. నువ్వు ఇప్పుడు పో, కాజ్. పట్టుకుంటే పట్టుకుంటారు. పట్టుకోకపోతే నువ్వే గెలుస్తావు," అంది.

పోయాను. బురదలో వంపు తిరిగాక లేచి తొక్కినట్టు ఒక్కసారిగా లేచి తొక్కాను. వెనక ఎవరూ రాలేదు. ఆ పొడుగాటి మట్టి రోడ్డు మీద నేనొక్కదాన్నే, రెండు పక్కలా పసుపు చేలు, చెవుల్లో గాలి హోరు. ఈసారి అది తెలివితక్కువతనం కాదు. వెనకున్నవాళ్లు నన్ను పట్టుకోవడానికి ఒళ్లు హూనం చేసుకొని తొక్కుతున్నారు, వాళ్ల నీడలో మెగ్ విశ్రాంతిగా ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా గెలవాలనే తొక్కాను, అది దాచను. ఊరి గోధుమ గాదెలు కనిపించాయి. జనం కనిపించారు. చివరి మలుపు తిరుగుతుంటే నా వెనక గొలుసుల చప్పుడు వినిపించింది. నన్ను దాటి పోయారు. అందరికంటే వెనక నుంచి మెగ్ వచ్చి, అందరినీ దాటి గెలిచింది. నేను ఐదోదాన్నో ఆరోదాన్నో.

మెగ్ సైకిలు పడేసి వచ్చి నన్ను కౌగిలించుకొని ఏడ్చింది. మార్లీన్ వచ్చి నా జేబులు తడిమి చూసింది. ఖాళీ రేకు కాగితాలు తప్ప ఏమీ లేవు. "ఈసారి చివరిదాకా తిన్నావు. ఆగాల్సినచోట ఆగావు," అంది. ఆమె నోట అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు. బెల్జియానికి మెగ్ వెళ్లింది. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. మెగ్ వాళ్ల స్నానాలగదిలో నీళ్లు వదిలి కాసేపు ఏడ్చాను. బయటికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. గుడి అయిపోయిందని, నాయనమ్మ తాళాలతో పాడితే హాలంతా చప్పట్లు కొట్టారని, వచ్చే ఆదివారం కూడా ఆమెనే పాడమంటున్నారని నాన్న చెప్పాడు. ఎన్నోదానివి వచ్చావని అడగలేదు. "తిన్నావా?" అని అడిగాడు. "దెబ్బలేం తగల్లేదు కదా?" అని రెండుసార్లు అడిగాడు.

మెగ్ మొదటి వసంతం అక్కడ చాలా కష్టపడింది. రాళ్ల మీద సైకిలు నడపడంలో ఆమెకు సాటి లేకపోయినా, వందమందికి పైగా ఉన్న గుంపులో ముందుకు రావడమే ఒక విద్య అని, చేతులు బొబ్బలెక్కి గరిటె కూడా పట్టుకోలేకపోతున్నానని ఉత్తరాలు రాసేది. రెండో ఏడు, మూడో ఏడు నిలదొక్కుకుంది. నేను ఇక్కడే ఇంకొన్నేళ్లు తొక్కాను. ఎక్కువగా వేరేవాళ్లను వెనక ఉంచుకొని వాళ్ల కోసం గాలి కోశాను, అందులో నాకొక సుఖం దొరికింది. తరువాత ఉద్యోగం, పెళ్లి, పిల్ల. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఆదివారం పొద్దున్నే రంగురంగుల చొక్కాలు వేసుకొని సైకిళ్ల మీద పోయేవాళ్లలో సగం మనవాళ్లే. వాళ్ల సైకిళ్లు మాకారోజుల్లో కలలో కూడా లేవు. అప్పుడు మా ఇంట్లో ఉన్నవి ఒక రబ్బరు గొట్టం, ఒక రోలు, తలుపు దగ్గర నిలబడి తొందరపెట్టే ఒక గొంతు. వాటితోనే అంత దూరం పోయాను. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. మార్లీన్ వాళ్ల దేశానికి తిరిగి వెళ్లిపోయింది. ఆ ఇద్దరూ నాకిచ్చినదానికి సరిపడే మాట ఏ భాషలోనూ నాకు దొరకలేదు.

మెగ్ వెళ్లేముందు రాత్రి అందరం భోజనానికి కూర్చున్నాం. అమ్మ చేపల పులుసు పెట్టింది. అమ్మా నాన్నా ఇప్పుడు మా దగ్గరే ఉంటారు. నాన్నకు వినికిడి కొంచెం తగ్గింది. మెగ్ పులుసు కలుపుకుంటూ, ఇన్నేళ్లుగా మనసులో ఉన్నట్టు, గట్టిగా ఆయన్ని అడిగింది: "అంకుల్, మీరు ఎప్పుడూ దింపడానికి వచ్చేవారు. ఒక్కసారి కూడా ఆగి మా రేస్ చూడలేదు. ఎందుకని?"

"సండే కదా. చర్చ్," అన్నాడు నాన్న ఇంగ్లీషులో. మళ్లీ అన్నంలో వేళ్లు పెట్టి ఆగిపోయాడు. ఎవరికేసీ చూడకుండా, తెలుగులో మొదలుపెట్టాడు. "చీరాలలో నీకు సైకిలు నేర్పింది నేనే. సీటు పట్టుకొని వెనకాల పరుగెత్తాను. వదిలేశాను, పడ్డావు. మోకాలికి కుట్లు పడ్డాయి, నీకు గుర్తుండదులే. ఆరాధన ముఖ్యమే, కాదనను. కానీ పందెం సోమవారం పెట్టినా నేను వచ్చేవాణ్ని కాదమ్మా. నువ్వు పడడం నేను చూడలేను. దింపడం వరకే నా చేతనయింది."

మెగ్ నా వైపు చూసి, ఆయన ఏమన్నారని అడిగింది. నేను చెప్పలేకపోయాను. మా అమ్మాయి నీలూకి తెలుగు అర్థమవుతుంది గానీ ఎప్పుడూ జవాబు ఇంగ్లీషులోనే చెబుతుంది. అదే, తాతయ్య ముఖం చూస్తూ, ఒక్క మాట వదలకుండా మెగ్‌కు నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది, సోమవారం సంగతితో సహా.

మెగ్ తన కంచం పట్టుకొని లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. నాన్న ఆమె కంచంలోకి చూసి, గిన్నె దగ్గరకు లాక్కొని, పెద్ద చేపముక్క ఏరి వేశాడు.

"తిను తల్లీ, చల్లారిపోతుంది," అన్నాడు.